మాల్టు వాసన వెంట

మొన్నొక సాయంత్రం జూబ్లీ హిల్స్‌లో ఒక వీధి మలుపు తిరుగుతుండగా ఉడుకుతున్న మాల్టు వాసన తగిలింది. మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ఎక్కువగా బార్లీ. ఎదురుగా ఉన్న మేడ పై అంతస్తులో బీరును అక్కడికక్కడే కాచి పోసే మైక్రోబ్రూవరీ ఒకటి ఉంది. వెనుక గోడకు బిగించిన గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూలు పడిన తరువాత అయితే ఆ ఆవిరికి పసరు చేదు తోడవుతుంది. నాకు తగిలిన వాసనలో తీపి తప్ప చేదు లేదు కాబట్టి హాప్స్ ఇంకా వేయలేదని తెలిసిపోయింది. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్లయినా ముక్కు ఆ లెక్కను మరిచిపోలేదు. చేదు వాసన మొదలయ్యే దాకా నేను ఆ గోడ పక్కనే నిలబడ్డాను.

నా ఉద్యోగ జీవితమంతా సీసాలు నింపే యంత్రాల మధ్య గడిచింది. మా కంపెనీ అమ్మిన యంత్రాలను బీరు ఫ్యాక్టరీల్లో బిగించడం, నడిపించి చూపించడం, ఆగిపోతే వెళ్లి బాగుచేయడం నా పని. ఆ పని మీద దేశంలో చాలా ఊళ్లు, ఐరోపాలో కొన్ని ఊళ్లు తిరిగాను. వెళ్లిన చోటల్లా అక్కడి బీరును రుచి చూడడం, అంతకుముందు చూసిన వాటితో పోల్చుకోవడం మొదట పనిలో భాగంగా మొదలై, తరువాత ఇష్టంగా స్థిరపడింది. ఎంత తాగామన్న లెక్క పెట్టుకోకుండా, ఏ ఊరిలో ఏది ఎలా ఉందో జ్ఞాపకం పెట్టుకొనే మనుషులు నాకు ఆ తిరుగుళ్లలో స్నేహితులయ్యారు. వారిలో కొందరు ఇప్పుడు లేరు.

*

అయితే పోల్చి రుచి చూడడం అనే పనిని నేను మొదట చూసింది బీరు దగ్గర కాదు, కల్లు దగ్గర. మా అమ్మమ్మగారి ఊరు నల్లగొండ జిల్లాలో ఉంది. ఊరి చివర వాగు ఒడ్డున తాటి వనం, దానికి ఇవతల ఈత చెట్లు ఉండేవి. సెలవులకు వెళ్లినప్పుడు తెల్లవారుతూనే తాత వెంట వనానికి బయలుదేరేవాణ్ని. గౌడ్ మామ అప్పటికే నడుముకు ముస్తాదు కట్టుకొని, మోకు బిగించుకొని చెట్టు మీద ఉండేవాడు. పైన కత్తితో గెల కొన చెక్కే చప్పుడు కింద నిలబడిన మాకు స్పష్టంగా వినిపించేది. ఆయన దిగి వచ్చి కల్లు పట్టిన మట్టి లొట్టి వంచితే, తాత తాటాకు రేకను రెండు చేతులతో పట్టుకొని ముందు వాసన చూసి, ఒక గుక్కను నోట్లో తిప్పి మింగి, కాసేపు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ తరువాత, "ఇది వాగు పక్క చెట్టుది గదా?" అని అడిగేవాడు. గౌడ్ మామ అవునని తల ఊపేవాడు.

చలికాలపు ఈత కల్లుకూ ఎండలు ముదిరినప్పటి తాటి కల్లుకూ ఉన్న తేడా, పొద్దుటి కల్లుకూ మాపటి కల్లుకూ ఉన్న తేడా, ఒకే వనంలో ఒక చెట్టుకూ మరో చెట్టుకూ ఉన్న తేడా వారిద్దరికీ ఎడతెగని ముచ్చట. నేను చిన్నవాణ్ని కాబట్టి నాకు పోసేవారు కాదు, ఖాళీ రేకను వాసన చూడనిచ్చేవారు. పొద్దున పచ్చి తీపిగా ఉన్న వాసన మధ్యాహ్నానికి దవడల్లో నీరూరించే పులుపుగా మారేది. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరు మాత్రమే. లొట్టిలో మిగిలిన నిన్నటి మడ్డిలోనూ చుట్టూ ఉన్న గాలిలోనూ ఉండే ఈస్టు అనే పులియబెట్టే సూక్ష్మజీవి, దానితోపాటు పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియా, దిగిన గంట నుంచే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది. పులియని నీరా కావాలన్నవారి కోసం అలా పూసిన లొట్టి కట్టేవారు. ఈ పేర్లన్నీ నాకు చాలా ఏళ్ల తరువాత బ్రూవరీ ప్రయోగశాలల్లో తెలిశాయి. ఆ వాసనలు మాత్రం అప్పటికే నాకు పరిచయమైనవే.

తాత పట్నంలో కల్లు కాంపౌండు గడప ఎప్పుడూ తొక్కలేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్ వంటివి కలిపి చేసే మందు కల్లు ఎంతమంది నరాలను పాడుచేసిందో మా ఊళ్లలో అందరికీ తెలుసు. చెట్టు రుచి తెలిసిన మనిషి దాని జోలికి పోడని ఆయన నమ్మకం.

*

సంగారెడ్డి వైపు ఉన్న ఒక బ్రూవరీలో నేను ఉద్యోగపు తొలి రోజుల్లో చాలాకాలం పనిచేశాను. బాట్లింగ్ హాలు తలుపు తెరవగానే సీసాలు ఒకదానికొకటి తగిలే మోత మనిషిని ముంచెత్తేది. పక్కన ఉన్నవారితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఆ మోతలో ఒక స్వరం కొద్దిగా మారితే, ఏ మలుపు దగ్గర సీసాలు ఇరుక్కున్నాయో పాత ఆపరేటర్లు తల తిప్పకుండానే చెప్పేవారు. మార్కెట్టు నుంచి తిరిగొచ్చిన 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు వేడి కాస్టిక్ నీళ్లలో మునిగి లేచి, కడిగించుకొని, తెల్లటి వెలుగు తెర ముందు నుంచి వరుసగా సాగేవి. తెర ఎదుట కూర్చున్నవారు మురికి ఉన్నదానినీ అంచు పగిలినదానినీ చేత్తో తీసి పక్కన పెట్టేవారు. కళ్లు అలసిపోతాయి కాబట్టి కొద్దిసేపటికొకసారి మనుషులు మారేవారు. సీసా భుజం చుట్టూ రాపిడికి ఏర్పడిన తెల్లని వలయం చూస్తే అది ఎన్నిసార్లు ఊరు తిరిగి వచ్చిందో అంచనా వేయవచ్చు. వలయం ఎంత వెడల్పుగా, ఎంత తెల్లగా ఉంటే అది అంత పాత సీసా. నింపి, మూత కొట్టిన తరువాత సీసాలు పాశ్చరైజర్ సొరంగంలోకి వెళ్లి, 60 డిగ్రీల వేడినీటి జల్లు కింద మెల్లగా నడిచి, అవతల లేబుళ్ల దగ్గర బయటపడేవి.

అంత మోతకు ఒక గోడ అవతల ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా నిశ్శబ్దమైన గది ఉండేది. అది రుచి చూసే గది. బీరు రంగు కళ్లను ప్రభావితం చేయకుండా అక్కడ ఎర్రని దీపం వెలిగించేవారు. గదికి పెద్ద అయిన టేస్టర్‌గారు భోజనానికి ముందే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడే అందరినీ పిలిచేవారు. ఆ పూట కిళ్లీ వేసుకున్నవారికీ, సిగరెట్టు తాగినవారికీ, సెంటు పూసుకున్నవారికీ లోపలికి ప్రవేశం లేదు. ఎదురుగా మూడు గ్లాసులు పెట్టేవారు. వాటిలో రెండు ఒకటే బీరు, మూడోది వేరు. ఆ వేరైనది ఏదో చెప్పాలి. వినడానికి తేలికగా ఉన్నా, గ్లాసుల ముందు కూర్చుంటే నాలుక ఎంత త్వరగా తడబడుతుందో తెలుస్తుంది. ఆయన నాకు ఒక్కొక్క లోపాన్నీ విడివిడిగా పరిచయం చేశారు: పులియడం పూర్తికాని బీరులో వెన్న వాసన, గాలి తగిలి పాతబడిన బీరులో తడి అట్టపెట్టె వాసన, ఎండ తగిలిన సీసాలో హాప్స్ చెడి పుట్టే దుర్గంధం.

ఒక రోజు ఆయన ట్యాంకు కుళాయి నుంచి అప్పుడే పట్టిన బీరునూ, వేసవిలో దుకాణపు గోదాములో కొన్ని నెలలు ఉండి తిరిగొచ్చిన అదే బీరునూ పక్కపక్కన పెట్టారు. రెండింటికీ పేరు ఒకటే, వంటకం ఒకటే, నీళ్లు ఒకటే. కుళాయి నుంచి వచ్చినదానిలో కొత్త ధాన్యపు కమ్మదనం, హాప్స్ పచ్చి వాసన ఉన్నాయి. తిరిగొచ్చినదానిలో ధాన్యం మాసిపోయి, అట్టముక్క వాసన, ఏదో బరువైన తీపి మిగిలాయి. బీరుకూ బీరుకూ తేడా పేరులో కన్నా వయసులోనూ, లారీలో అది భరించిన వేడిలోనూ ఎక్కువగా ఉంటుందని నాకు ఆ గదిలోనే బోధపడింది. ఆ తరువాత ఏ దేశంలో ఏ బీరు తాగినా మొదట దాని వయసు అడగడం నాకు అలవాటు.

అప్పట్లో పర్మిట్ రూముల్లో ఒక దృశ్యం తరచుగా కనిపించేది. బీరు సీసా మూత తీసి, దానిని నీళ్లున్న గ్లాసులో తలకిందులుగా ముంచి పట్టుకొనేవారు. సీసాలోంచి ఏదో చిక్కటి ధార నీళ్లలోకి దిగుతుంటే, "గ్లిజరిన్ పోతున్నది" అని తృప్తిగా చూసేవారు. ఈ నమ్మకం దేశమంతటా ఉండేది. టేస్టర్‌గారు ఈ మాట ఎవరు ఎత్తినా ఓపికగా వివరించేవారు: బీరు నీటికన్నా కొద్దిగా సాంద్రమైనది కాబట్టి దిగేది బీరే, దాని స్థానంలో సీసాలోకి ఎక్కేది గ్లాసులోని నీరే. ఆ వివరణ విన్నవారు విని, మరుసటి వారం మళ్లీ అలాగే ముంచేవారు.

పనిమీద సోలన్ వెళ్లినప్పుడు బ్రూవరీ పేరుతోనే ఒక చిన్న రైల్వే స్టేషను ఉండడం చూసి ఆశ్చర్యపడ్డాను. కల్కా నుంచి సిమ్లా వెళ్లే చిన్న రైలు దాని ముందు నుంచే పోతుంది. 1855 లో కసౌలీలో పెట్టిన బ్రూవరీ నుంచి మొదలైన వంశం అది. అక్కడి కొండ చలిలో తాగిన గోల్డెన్ ఈగల్ ఎంతో తేటగా అనిపించింది. అదే సీసా ఢిల్లీ ఎండలో తాగితే అంత తేటగా లేదు. దక్షిణాదిలో మనకు తెలిసినవి కింగ్‌ఫిషర్, నాకౌట్. కల్యాణి బ్లాక్ లేబుల్ కలకత్తా ప్రయాణాల్లో దొరికేది. ఇవన్నీ దాదాపు ఒకే రకానికి చెందిన లేత బంగారు రంగు లాగర్లే, అంటే చలిలో మెల్లగా పులియబెట్టే బీర్లే. తరువాత తరువాత స్ట్రాంగ్ బీరు అన్నిటినీ పక్కకు నెట్టింది. దానిలో రుచికి చోటు తక్కువని నా అభిప్రాయం.

ఆ మధ్యలో మా రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారా వేలం పాటలకు అడ్డం నిలబడిన ఉద్యమం 1993 లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997 లో దానిని సడలించారు. ఆ కాలమంతా నాకు పని రాష్ట్రం బయటే దొరికింది. దూబగుంట ఆడవారు అడిగిన దానిలో న్యాయం ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. బీరు రుచుల గురించి ఇంత ఇష్టంగా రాస్తున్నా, తాగుడు కూల్చిన ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి.

*

శిక్షణ కోసం జర్మనీ పంపినప్పుడు రైన్ నది ఒడ్డున ఉన్న పట్టణాల్లో కొంతకాలం ఉన్నాను. నాకు పని నేర్పిన పెద్ద ఫిట్టరు డ్యూసెల్‌డార్ఫ్ వాస్తవ్యుడు. అక్కడికి కొలోన్ దాదాపు 40 కిలోమీటర్ల దూరం. పని మీద కొలోన్ వెళ్లవలసి వస్తే ఆయన కాఫీ తాగేవాడు తప్ప, ఆ ఊరి బీరైన కోల్ష్‌ను ముట్టేవాడు కాదు. కొలోన్‌వారు కూడా డ్యూసెల్‌డార్ఫ్ బీరైన ఆల్ట్ గురించి అంతే పట్టుదలగా ఉండేవారు.

కొలోన్‌లో పెద్ద చర్చి పక్కన 1904 నుంచి ఉన్న ఫ్రూ అనే బీరుశాలకు నేను ఒక్కణ్నే వెళ్లాను. వడ్డించేవారిని అక్కడ కోబెస్ అంటారు. వారు నీలం ఏప్రన్ కట్టుకొని, మధ్యలో పిడి ఉన్న గుండ్రటి తట్టలో సన్నని, నిటారైన గ్లాసులను గుచ్చి పట్టుకొని బల్లల మధ్య తిరుగుతూ ఉంటారు. గ్లాసులో పట్టేది 200 మిల్లీలీటర్లే. ఖాళీ గ్లాసు కనిపిస్తే అడగకుండానే దానిని తీసి, నిండుది పెట్టి, కింది అట్టబిళ్ల మీద పెన్సిలుతో ఒక గీత గీసి వెళ్తారు. చాలనుకున్నవారు ఆ అట్టబిళ్లను గ్లాసు మీద మూతగా పెట్టాలి. ఇంత చిన్న గ్లాసు ఎందుకో తాగుతుంటే అర్థమైంది. ఆ లేత బీరుకు నురుగు త్వరగా దిగిపోతుంది కాబట్టి పెద్ద గ్లాసులో అయితే సగానికి వచ్చేసరికి చప్పబడుతుంది. చిన్న గ్లాసులో ప్రతి గుక్కా పీపా నుంచి అప్పుడే దిగినట్టు ఉంటుంది. 1986 లో అక్కడి బ్రూవరీలన్నీ ఒప్పందం రాసుకొని, కోల్ష్ అనే పేరు తమ ప్రాంతంలో తమ పద్ధతిలో కాచిన బీరుకే చెందేలా కట్టుబాటు చేసుకున్నాయి.

డ్యూసెల్‌డార్ఫ్ పాత బస్తీలో 1862 నాటి యూరిగెకు ఆ పెద్ద ఫిట్టరే నన్ను తీసుకువెళ్లాడు. అక్కడ ఆల్ట్ రాగి రంగులో ఉంటుంది. దాని చేదు నాలుక వెనుక భాగంలో చాలాసేపు నిలుస్తుంది. జనం లోపల పట్టక వీధిలో నిలబడి తాగుతుంటారు. లోపలి నుంచి చెక్క పీపాలు దొర్లించే గుడగుడ చప్పుడు మాటల మధ్య వినబడుతూనే ఉంటుంది.

ఒక ఆదివారం ఆయన నన్ను ఇంటికి పిలిచి, వంటింటి బల్ల మీద ఒక ఆల్ట్ సీసా, ఒక కోల్ష్ సీసా పెట్టాడు. తన ఇంట్లోకి కోల్ష్ రావడం అదే మొదటిసారి అని ఆయన భార్య చెప్పింది. రెండింటినీ ఒకే రకం గ్లాసుల్లో పోసి నన్ను కళ్లు మూసుకోమన్నాడు. కంటికి అంత దూరంగా కనిపించే ఆ రెండు బీర్లు కళ్లు మూసుకుంటే దగ్గరి చుట్టాలని తెలిసింది. రెండూ పైకి తేలి పనిచేసే ఈస్టుతో పులిసి, ఆ తరువాత చలిలో నిల్వ ఉండేవే. మాల్టును వేయించిన తీరు, హాప్స్ మోతాదు మారాయి. ఆయన కోల్ష్ గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చుకొని గాఢంగా వాసన చూశాడు, కానీ తాగకుండా నా వైపు జరిపాడు. ఆయన పోయారని ఆ తరువాత చాలా ఏళ్లకు భార్య ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలో ఈ ఆదివారం ప్రస్తావన కూడా ఉంది.

బాంబెర్గ్‌లో పొగ బీరు తాగించినది కూడా ఆయనే. ష్లెంకెర్లా అనే బీరుశాలలో బీచ్ కట్టెల మంట మీద ఆరబెట్టిన మాల్టుతో కాచిన ముదురు బీరును చెక్క పీపా నుంచి పడతారు. మొదటి గుక్కకు కట్టెల పొగ తప్ప ఇంకేమీ తెలియదు. మెల్లగా పొగ వెనక్కి తగ్గి, దాని కింద ఉన్న మాల్టు తీపి ముందుకు వస్తుంది. పొగ తగలని కొలుములు రాకముందు ఐరోపాలో మాల్టును ఎక్కువగా నిప్పు మీదే ఆరబెట్టేవారు, అందువల్ల చాలా బీర్లలో ఎంతో కొంత ఈ వాసన ఉండేదట. కొలుములు మారినా తమ పద్ధతి మార్చుకోని ఇళ్లు ఆ ఊరిలో రెండు మిగిలాయి.

*

చెక్ దేశంలోని ప్లజెన్ నాకు వేరే కారణంతో ముఖ్యం. మనం ఇంటి దగ్గర తాగే లేత బంగారు బీర్లన్నిటికీ మూలం అదే. 1838 లో ఆ ఊరివారు పాడైన బీరు పీపాలు 36 తెచ్చి టౌన్‌హాలు ముందు పారబోసి, సొంత బ్రూవరీ కట్టుకున్నారు. బవేరియా నుంచి రప్పించిన యోసెఫ్ గ్రోల్ 1842 అక్టోబరులో అక్కడ మొదటి కాపు కాచాడు. ఆ ఊరి నీళ్లలో లవణాలు చాలా తక్కువ, దగ్గర్లోని ఝటెట్స్ హాప్స్‌లో మెత్తటి సువాసన ఉంటుంది, మొరేవియా బార్లీ లేత రంగు మాల్టునిస్తుంది. ఈ మూడూ ఒకచోట కలిసినందువల్ల పుట్టిన రుచి అది.

బ్రూవరీ కింద నేలమాళిగలు కిలోమీటర్ల పొడవున సాగుతాయి. గోడలు చెమ్మగా ఉంటాయి, వేసవిలో కూడా స్వెట్టరు వేసుకొని దిగాలి. అక్కడ పెద్ద చెక్క పీపాల్లో ఇప్పటికీ కొంత బీరును పాత పద్ధతిలోనే పులియబెట్టి నిల్వ చేస్తారు. స్టీలు ట్యాంకులకు మారినప్పుడు రుచి మారిందా లేదా అని పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఆ పీపాలను ఉంచుకున్నారని విని నాకు ఎంతో గౌరవం కలిగింది. వడకట్టని, పాశ్చరైజ్ చేయని ఆ బీరును పీపా నుంచి నేరుగా గ్లాసులోకి పట్టి ఇచ్చారు. కొంచెం మసకగా ఉంది, నురుగు మీగడలాగా చిక్కగా ఉంది. కొత్త రొట్టె వాసన, దాని వెనుక గట్టి చేదు, చివర తిరిగి తీపి. సంగారెడ్డి ట్యాంకు కుళాయి దగ్గర నాకు మొదటిసారి తెలిసిన తాజాదనం అక్కడ మళ్లీ దొరికింది. ఇంగ్లండులో బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ కాబట్టి అక్కడి ఏల్ (పైకి తేలే ఈస్టుతో పులిసే బీరు) చేదు పొడిగా, పదునుగా ఉంటుంది. ప్లజెన్ చేదులో ఆ పదును లేదు, మెత్తగా తగిలి వెళ్తుంది.

లండన్ పబ్బుల గురించి ఎక్కువ రాయను. నేలమాళిగలో దాదాపు 12 డిగ్రీల దగ్గర ఉంచిన పీపా నుంచి చేతి పంపుతో లాగి పోసే కాస్క్ ఏల్‌ను మనవారు చాలామంది వెచ్చగా ఉందని వదిలేస్తారు. పీపా తెరిచాక కొద్ది రోజుల్లో తాగేయాలి, లేకపోతే పోతుంది. కాబట్టి జనం బాగా వచ్చే పబ్బులోనే తాగాలి. అంతకుమించి దానికి రహస్యం లేదు.

*

ఇక బ్రస్సెల్స్. మీదీ స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మామూలు వీధిలో, బయటి నుంచి పాత గోదాములా కనిపించే కాంటియోన్ బ్రూవరీ 1900 నుంచి అక్కడ ఉంది. అక్కడ ఈస్టును ఎవరూ కలపరు. బార్లీ మాల్టు, మాల్టు చేయని గోధుమలు, ఏళ్ల తరబడి నిల్వ ఉండి చేదు తగ్గిన హాప్స్ కలిపి మరిగించి, అటకలో ఉన్న లోతు తక్కువ రాగి తొట్టిలోకి ఎక్కిస్తారు. రాత్రంతా చలిగాలికి అది చల్లారుతూ ఉంటే, గాలిలోని ఈస్టు, బాక్టీరియా వాటంతట అవే దానిలో చేరతాయి. అందువల్ల చలికాలపు నెలల్లోనే కాస్తారు. మర్నాడు చెక్క పీపాల్లోకి దించితే అక్కడ అది ఒకటి, రెండు, మూడు సంవత్సరాలు పులుస్తుంది. పీపాల మధ్య సాలెగూళ్లను తీయరు. సాలీళ్లు ఈగలను పట్టి పీపాలను కాపాడతాయని కారణం చెప్పారు.

ఇలా కాచిన బీరును లాంబిక్ అంటారు. నాకు మట్టి కూజాలోంచి పొంగు లేని లాంబిక్ పోసి ఇచ్చారు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే నేను వాగు ఒడ్డుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నపు లొట్టి అంచు వాసన అది: పండిన పండు, తడి కట్టె, దవడ మూలల్లో నీరు తెప్పించే పులుపు. నాతో వచ్చిన జర్మన్ సహోద్యోగులు ఒక్క గుక్కకే ముఖం చిట్లించి గ్లాసులు పక్కన పెట్టారు. నాకు మాత్రం ఆ రుచి ఎక్కడా కొత్తగా లేదు. వాగు ఒడ్డున తాటి నీరు గంటల్లో చేసే ప్రయాణాన్ని సెన్నె నది లోయలో గోధుమ నీరు చలిలో సంవత్సరాల మీద చేస్తుంది. రెండు చోట్లా పని చేసేది పిలవకుండా వచ్చిన ఈస్టూ, లాక్టిక్ బాక్టీరియాలే. అక్కడి ప్రత్యేకమైన ఈస్టుకు బ్రస్సెల్స్ పేరే ఉంది. ఏడాది, రెండేళ్ల, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో తిరిగి పులియబెడితే గ్యూజ్ తయారవుతుంది. దానిలో పొంగు ఉంటుంది. ఏ పీపా నుంచి ఎంత కలపాలో యజమాని నాలుకతోనే తేలుస్తాడు. ఆయన ఒక్కొక్క పీపా ముందు ఆగి, కొద్దిగా పట్టుకొని, నోట్లో తిప్పి, ఏమీ మాట్లాడకుండా నిలబడినప్పుడు నాకు తాత గుర్తుకొచ్చాడు.

*

తిరుగు ప్రయాణాల్లో చొక్కాల మధ్య చుట్టి సీసాలు తెచ్చేవాణ్ని. మా బావ బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు ఇవన్నీ రుచి చూడడం మీద ఎంతో ఆసక్తి. శనివారం రాత్రి డాబా మీద బల్ల వేసి, సీసాలకు వార్తాపత్రిక చుట్టి, ఒకే రకం గాజు గ్లాసులు వరుసగా పెట్టేవాళ్లం. మధ్యలో ఉప్పు మాత్రమే వేసి ఉడికించిన గుడాలు ఉండేవి. కారం తగిలితే నాలుక పనికిరాదని మిర్చి బజ్జీలు చివరికి ఉంచమని అక్కను వేడుకొనేవాళ్లం.

బావ మొదట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టే అంచున ఉన్న బీరే కావాలనేవాడు. అంత చలిలో అన్ని బీర్లూ ఒకేలా ఉంటాయని, కాసేపు బయట ఉంచి తాగమని నేను అనేవాణ్ని. ఒకసారి బవేరియా గోధుమ బీరును అలా ఉంచి, అడుగున ఉన్న ఈస్టు లేచేలా సీసాను నెమ్మదిగా తిప్పి పోశాను. బావ చాలాసేపు వాసన చూసి, "సల్లగున్నప్పుడు ఏం తెలువలే గని, ఇప్పుడు లవంగం వాసనొస్తున్నది, వెనుకనుంచి అరటిపండు గూడ వస్తున్నది" అన్నాడు. అందులో లవంగమూ లేదు, అరటీ లేదు. ఆ రెండు వాసనలనూ ఆ బీరు ఈస్టే పుట్టిస్తుంది. ఏ శిక్షణా లేకుండా బావ రెండింటినీ పేరు పెట్టి చెప్పడం చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగా ఉంది.

ప్రయాణాన్ని ఓర్చుకొనే బీర్లు, ఓర్చుకోలేనివి కూడా ఆ డాబా మీదే స్పష్టమయ్యాయి. కోల్ష్ మా ఇంటికి చేరేసరికి ప్రాణం పోయి ఉండేది. ఆకుపచ్చ సీసాల్లో వచ్చేవాటికి వెలుగు తగిలిన వాసన పట్టేది. సీసాలోనే బతికున్న ఈస్టుతో వచ్చే బెల్జియం బీర్లు మాత్రం సంవత్సరం గడిచినా మారుతూ నిలిచేవి. నోట్లో ఉంగరం పట్టుకొన్న చేప బొమ్మ లేబులు మీద ఉండే ఓర్వాల్‌ను కొన్నప్పుడు ఒకటి, పన్నెండు నెలల తరువాత ఒకటి తాగితే వేర్వేరు బీర్లు అనిపిస్తాయి. ఆ మధ్యకాలంలో హాప్స్ వాసన తగ్గి, అడవి ఈస్టు వాసన పైకి వస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో గోధుమ బీరు, ఏల్, నల్లని స్టౌట్ అన్నీ పోస్తున్నారు. వాటిలో లోపాలున్నవి కూడా తాగాను, వెన్న వాసన కొన్నిటిలో ఇంకా తగులుతుంది. అయినా ట్యాంకుకూ గ్లాసుకూ మధ్య లారీ లేదు, గోదాము లేదు. ఆ ఒక్క కారణానికే నేను దూరం నుంచి వచ్చిన పేరున్న సీసా కన్నా వాటినే ఎంచుకుంటాను.

*

పోయిన చలికాలం అమ్మమ్మగారి ఊరికి వెళ్లినప్పుడు ఒక గ్యూజ్ సీసా వెంట తీసుకువెళ్లాను. గౌడ్ మామ చెట్లెక్కడం మానేసి చాలాకాలమైంది. కొడుకు ఎక్కుతున్నాడు. తాటి వనంలో సగం ప్లాట్లకు పోయింది. లొట్ల స్థానంలో చాలాచోట్ల ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి, మామ చెట్లకు మాత్రం ఇంకా మట్టివే ఉన్నాయి. ఈత కల్లు ఒక రేకలో, గ్యూజ్ ఒక గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టాను. ఆయన గ్యూజ్‌ను వాసన చూసి, ఒక గుక్క తాగి, దవడ ఒక పక్కకు తిప్పి ఆలోచించాడు.

"అల్లుడా, ఇది మాపటి కల్లు గాదు, మర్నాటిది. అయినా సిర్కా గాలే. ఎన్నొద్దులది?"

మూడేళ్లదాకా ఉంచినది కూడా ఇందులో కలిసి ఉందని చెబితే మొదట నమ్మలేదు. ఎందులో ఉంచుతారని, ఆ పీపాలను ఏమి పెట్టి కడుగుతారని, ఎండకాలం ఏం చేస్తారని వరుసగా అడిగాడు. అటక మీది రాగి తొట్టి గురించీ, తీయని సాలెగూళ్ల గురించీ చెప్పాను. లొట్టిని మరీ శుభ్రంగా కడిగితే ఆ పూట కల్లు పొంగు రాదని తన తండ్రి అనేవాడని ఆయన చెప్పాడు. ఆ తరువాత మేము రెండింటినీ మార్చి మార్చి రుచి చూశాము. ఈత కల్లులో ఇంకా పులియని చక్కెర తీపి, తెల్లటి ఈస్టు మసక, చురుకైన పొంగు ఉన్నాయి. గ్యూజ్‌లో తీపి ఒక్క చుక్క కూడా మిగలలేదు, చివర పొడిగా, కట్టె వాసనతో ముగుస్తుంది. పులుపు తగిలే చోటు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

మూడు వయసులు కలిపితే ఏది ఏమి చేసిందో తెలియదని, ఏడాదిదాన్ని విడిగా తెచ్చి చూపిస్తే అది తమ ఏ చెట్టు కల్లుకు దగ్గరో చెబుతానని మామ అన్నాడు. ఏడాది లాంబిక్‌ను విడిగా సీసాల్లో అమ్మడం అరుదు. బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి చెప్పి ఉంచాను, ఈత చెట్లు మళ్లీ కోతకు వచ్చేలోగా ఒకటి సంపాదించి పంపమని.